కొండచెంత విమానాశ్రయం

విమానాశ్రయమనగానే మహానగరం తలపునకు వచ్చుట సహజం. కాని విమానం లేనిదే గడవని చోట్లు కొన్ని కొండలలో ఉన్నవి. నేపాళంలోని లుక్లా అందుకు సాక్షి. ఎవరెస్టు నెక్కిన హిల్లరీ 1964లో అక్కడ విమానాలు దిగే మైదానం కట్టించిన నాటికి ఆ ఊరికి మోటారు బాట లేదు. తవ్విన నేల గట్టిపడుటకు షెర్పాలు దానిమీద వరుసగా నిలిచి నృత్యం చేసినారట! దాని రన్‌వే నేటికీ 527 మీటర్లే. ఒక కొన కొండగోడ, వేరొక కొన లోయ. ఎత్తు పెరిగినకొలది గాలి పలుచనగును. రెక్కలకు ఆనిక తగ్గును, యంత్రాలకు బలం తగ్గును. కనుక విమానం నేల విడుచుటకు మరింత దూరం పరుగెత్తవలెను. బాట చాలనిచోట ప్రయాణికులను తగ్గించుకొనుటే గతి.

మన దేశంలో చిన్న ఊళ్ల కొరకు ఏర్పడిన 'ఉడాన్' పథకపు తొలి విమానం కూడా 27 ఏప్రిల్ 2017న కొండపట్టణమైన సిమ్లా నుండియే లేచినది. హవాయి చెప్పులు తొడిగినవాడు కూడా విమానమెక్కవలెనని ప్రధాని ఆనాడు ఆకాంక్షించినారు.

ఆ పథకం క్రింద కర్నూలు జిల్లాకు దక్కినది ఓర్వకల్లు విమానాశ్రయం. ఎర్రమలల చేరువలో, వింత రాతిగుట్టల నడుమ ఉన్న ఈ నేల లుక్లా వంటి ఎత్తు గలది కాదు. రెండు కిలోమీటర్ల రన్‌వే సుఖంగా అమరినది. 25 మార్చి 2021న ప్రారంభమై, 28 నుండి బెంగుళూరు, విశాఖ, చెన్నై నగరాలకు విమానాలు నడిచినవి. 1953 నుండి 1956 వరకు ఆంధ్రరాష్ట్రానికి రాజధానిగా వెలిగిన కర్నూలుకు ఈ భాగ్యం ఆరు దశాబ్దాలు దాటిన పిమ్మట పట్టినది! నల్లమల కొండలను ఆశ్రయించి కుంపిణీవారిని ఎదిరించి, 1847లో కోయిలకుంట్లలో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టుట ఉచితంగా ఉన్నది.

అదే జిల్లా పడమటి అంచున కోసిగి ఉన్నది. ఓర్వకల్లుకు నూరు కిలోమీటర్ల పైమాటే. లుక్లా వలె కోసిగి దారి తెగిన ఊరు కాదు. మద్రాసు నుండి వచ్చిన రైలుబాట రాయచూరులో బొంబాయి బాటను కలిసినది 1871లో. ఆ బాటమీదనే కోసిగి స్టేషను. కొరవడినది నీరు. తుంగభద్ర దాపుననే పారుచున్నను, పొలాలలో పెక్కు వానను నమ్ముకొన్నవే. పైరు ఎండిన ఏడు జనం 'సుగ్గి'కి పోవుదురు: గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు. మూటాముల్లెలతో, పిల్లలతో లారీలెక్కుదురు. ఇంటికి తాళమైనా పడును, ముసలివారైనా కావలి ఉందురు. హవాయి చెప్పుల మాట వీరికి వర్తించునంతగా మరెవరికి వర్తించును? కాని కాయ కోసిన కూలితో బ్రతుకు సాగించువారికి రాయితీ టిక్కెట్టైనా అందునా? అందినను, మిరపచేని గట్టున విమానం దిగదు గదా.

సుగ్గి బండి కదలినపుడు మొదట తెలియునది బడిపంతులుకే. హాజరుపట్టీలో వరుసగా గైర్హాజరు గుర్తులు పడును. వలస పిల్లలు ఊరనే నిలిచి చదువుకొనుటకు ఆ కాలమంతయు నడిపే సీజనల్ హాస్టళ్లు అందుకే ఏర్పడినవి. లారీలు బయలుదేరుటకు ముందే అవి తెరచిన పిల్లవాడు ఊర నిలుచును. పక్షం రోజులు ఆలస్యమైనచో అప్పటికే తల్లివెంట మిరపతోటలో ఉండును.