పేరు మారితే ఫోను పలకదు

మన మంసాపురంలో ఇంట్లో పిలిచే పేరొకటి, బడి రిజిస్టరులో వ్రాయించిన పేరొకటి ఉన్న పిల్లలకు కొదవ లేదు. ఏ పేరున పిలిచినా పలుకుతారు. సెల్ ఫోను అట్లా పలకదు. ఈ సంగతి మాకు మొన్న పరీక్షల ముందు తెలిసింది.

హాస్టలులో ఉన్న మా మనుమడు అర్ధరాత్రి లోపల పంపవలసిన ప్రాజెక్టు రిపోర్టు పెట్టుకొని కూర్చున్నాడట. సాయంత్రం దాకా ఉన్న వైఫై కనబడలేదు. నిజానికి అది ఎక్కడికీ పోలేదు. కాలేజీవారు పాత పేరు తీసి కొత్త పేరు పెట్టారు, అంతే. పిల్లలకు ముందుగా చెప్పినవారు లేరు. తోటివాడి ఫోను సాయంతో పదకొండున్నరకు ఎట్లాగో పంపాడు. ఆ తొందరలో జాబితాలో కనబడిన ఏదో పేరు నొక్కి పాస్‌వర్డు ఇచ్చేసి ఉంటే? మా భయమంతా అదే.

వైఫై పెట్టె తన పేరును సెకనుకు సుమారు 10 సార్లు చాటుతూ ఉంటుంది, వెనుకటి దండోరా మాదిరిగా. ఫోను తాను ఎరిగిన పేరు వినబడితేనే వెళ్ళి కలుస్తుంది. పేరు మారిందా, పెట్టె పాతదే అయినా దానికి పరాయిదే. చిక్కేమిటంటే, ఎవరైనా అదే పేరు తమ పెట్టెకూ పెట్టుకోవచ్చు. అందుకే విశ్వవిద్యాలయాలలో సర్టిఫికెట్టు చూపించే ఏర్పాటు ఉంటుంది. ఫోను అడిగిందని గుడ్డిగా ‘సరే’ నొక్కక, ఆఫీసువారిచ్చిన వివరంతో సరిచూసుకోమని పిల్లలకు చెప్పండి.

కొన్ని వారాలు రెండు పేర్లూ ఉంచితే ఇబ్బంది ఉండదు. ఎల్లకాలం ఉంచడం మంచిది కాదు. ప్రతి పేరునూ చాటడానికి గాలిలో కొంత వేళ ఖర్చవుతుంది.

ఈ పేర్ల గొడవకు 2002లో హాలండు దేశస్థుడు క్లాస్ వీరెంగా ఒక ఉపాయం సూచించారు. అదే ‘ఎడ్యురోమ్’. ఇప్పుడు వందకు పైగా దేశాలలో విద్యాలయాలు ఈ ఒక్క పేరే పెట్టుకుంటున్నాయి. మన దేశంలో ఎర్నెట్ సంస్థ దీన్ని చూస్తున్నది. విద్యార్థి పరదేశపు కాలేజీకి వెళ్ళినా, ఇతడు మీవాడేనా అన్న ప్రశ్న అతని సొంత విద్యాలయానికే వస్తుంది. అది అవునంటే తలుపు తెరుచుకుంటుంది. పెళ్ళి సంబంధాలలో మనవారు చేసే వాకబు వంటిదే.

తెలుగులో పేరు పెట్టవచ్చునా? పెట్టవచ్చు, కాని చోటు 32 బైట్లే. ఇంగ్లీషు అక్షరానికి ఒకటి చాలు. మనకు అక్షరానికి మూడు, గుడికి మూడు, కొమ్ముకు మూడు, సున్నకు మూడు! ‘విశ్వవిద్యాలయం’ 42 అవుతుంది, పట్టదు. ‘మంసాపురం’ 24, హాయిగా పడుతుంది.

ఈ లెక్క తేలిన సంబరంలో మా ఇంటి పెట్టెకు కంపెనీవారిచ్చిన అంకెల పేరు తీసి మంసాపురం అని పెట్టాము. ఆ సాయంత్రం ఇంట్లో ఒక్క ఫోనూ పలకలేదు.