మెదడుకూ కావాలి... ఇంజినీర్లు!

మా తాతయ్య రిటైర్డ్ టీచర్. ముప్పై ఏళ్లు బోర్డు మీద గుండ్రటి అక్షరాలు రాసిన మనిషి. నేను బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా ఓ రోజు పింఛను డబ్బుల కోసం ఆయన్ని బ్యాంకుకి తీసుకెళ్లా. సంతకం కలవడం లేదని ఫారం వెనక్కి ఇచ్చేశారు. మళ్లీ పెట్టారు. ఇంకా చిన్నగా వచ్చింది. మూడోసారి కౌంటర్‌లోని ఉద్యోగి ఇంకు ప్యాడ్ ముందుకు తోశారు. ఎంతోమందికి సంతకం చేయడం నేర్పిన ఆయన ఆ రోజు వేలిముద్ర వేశారు. ఇంటికొచ్చేదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

అది పార్కిన్సన్స్ అని తర్వాత తెలిసింది. అక్షరాలు చిన్నవైపోవడం, చొక్కా గుండీలు పెట్టుకోవడానికి తంటాలు పడటం, ఒళ్లో పెట్టుకున్న చెయ్యి ఏదో నలుపుతున్నట్టు దానంతటదే కదలడం... అన్నీ ఆ జబ్బు లక్షణాలే. ఆ వారమే నాకు డీఎస్‌పీ మిడ్ ఎగ్జామ్. బ్యాండ్‌పాస్ ఫిల్టర్ డెరివేషన్ బట్టీపట్టి, రాసేసి వచ్చేశా. ఆ ఫిల్టర్‌కీ తాతయ్య చేతికీ సంబంధం ఉందని అప్పుడు నాకెవరూ చెప్పలేదు. ఈసీఈ, ఈఈఈ చదువుతూ ‘ఈ సబ్జెక్టులు ఎందుకురా బాబూ’ అనుకుంటున్నారా? అయితే ఇది మీకోసమే.

ఫ్రీక్వెన్సీ పెంచితే ఆగిన వణుకు

1987. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్. అలిమ్ లూయీ బెనబిడ్ అనే న్యూరోసర్జన్ వణుకు జబ్బుకి ఆపరేషన్ చేస్తున్నారు. మెదడు లోపల థాలమస్‌లో చిన్న భాగాన్ని కాల్చేయడం అప్పటి పద్ధతి. ఒకసారి కాల్చాక వెనక్కి తెచ్చుకోలేం. కాబట్టి ముందుగా ఎలక్ట్రోడ్‌తో కొద్దిగా కరెంటు పంపి, సరైన చోటేనా అని చూసుకునేవాళ్లు. బెనబిడ్ ఆ కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి చూశారు. 100 హెర్ట్జ్ దగ్గరికి వచ్చేసరికి వణుకు ఆగిపోయింది. కరెంటు ఆపితే మళ్లీ మొదలైంది. అంటే కాల్చక్కర్లేదు, కరెంటుతోనే పని జరుగుతుంది! బెనబిడ్ ఫిజిక్స్‌లోనూ డాక్టరేట్ చేశారన్నది ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన విషయం.

ఇదే డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్... క్లుప్తంగా డీబీఎస్. మెదడు లోతుల్లో సన్నటి ఎలక్ట్రోడ్, ఛాతీ చర్మం కింద పేస్‌మేకర్ లాంటి బ్యాటరీ పెట్టె, రెండిటినీ కలుపుతూ చర్మం కిందే తీగ. పార్కిన్సన్స్‌లో ఎక్కువగా ఎంచుకునే చోటు సబ్‌థాలమిక్ న్యూక్లియస్. అది సుమారుగా శనగ గింజంత ఉంటుంది. అమెరికా ఎఫ్‌డీఏ ఈ చికిత్సను వణుకు కోసం 1997లో, పార్కిన్సన్స్‌లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ కోసం 2002లో అనుమతించింది. ప్రపంచవ్యాప్తంగా లక్షమందికి పైగా దీన్ని అమర్చుకున్నారు. మన హైదరాబాద్ నిమ్స్‌లోనూ ఈ ఆపరేషన్లు జరుగుతున్నాయి.

ఒక్క మాట. ఇది జబ్బుని నయం చేయదు, ముదరకుండా ఆపదు. లక్షణాలను అదుపులో పెడుతుంది, అంతే. ఖర్చు లక్షల్లో ఉంటుంది. అందరికీ సరిపడదు కూడా.

ఫ్యాన్‌లా కాదు, ఏసీలా పనిచేయాలి

మామూలు డీబీఎస్ ఎలా పనిచేస్తుంది? సెకనుకు దాదాపు 130 పల్స్‌లు, ఒక్కోటి 60 మైక్రోసెకన్లు. పగలూ రాత్రీ అదే తీరు. రోగి నడుస్తున్నా, నిద్రపోతున్నా, మాత్ర వేసుకుని బాగానే ఉన్నా దానికి తెలియదు. తెల్లవారుజామున చలేస్తున్నా అదే స్పీడులో తిరిగే సీలింగ్ ఫ్యాన్ లాంటిదన్నమాట. అవసరం లేనప్పుడూ కరెంటు వెళ్తుంటే మాట ముద్దగా రావడం లాంటి ఇబ్బందులు రావచ్చు. బ్యాటరీ కూడా త్వరగా అయిపోతుంది. ఏసీ అలా కాదు. గది ఉష్ణోగ్రత కొలిచి, కావాల్సినప్పుడే కంప్రెసర్‌ని నడుపుతుంది. మీ కంట్రోల్ సిస్టమ్స్ భాషలో మొదటిది ఓపెన్ లూప్, రెండోది క్లోజ్డ్ లూప్.

మరి మెదడులో ‘ఉష్ణోగ్రత’ ఏది? పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల సబ్‌థాలమిక్ న్యూక్లియస్‌లో 13 నుంచి 30 హెర్ట్జ్ మధ్య ఉండే బీటా తరంగాలు బలంగా కనిపిస్తాయి. కదలికలు నెమ్మదించడం, కండరాలు బిగుసుకోవడంతో వీటికి సంబంధం ఉంది. మందు వేసుకున్నా, డీబీఎస్ ఆన్ చేసినా ఇవి తగ్గుతాయి. సిగ్నల్ దొరికింది. ఇక దాన్ని కొలవాలి. అసలు చిక్కు అక్కడే!

డిఫరెన్షియల్ యాంప్లిఫయర్ గుర్తుందా?

మెదడుకి పంపే పల్స్ వోల్టుల్లో ఉంటుంది. అక్కడ వినాల్సిన సిగ్నల్ మైక్రోవోల్టుల్లో. అంటే తేడా లక్షల రెట్లు! పెళ్లి బ్యాండు పక్కన నిలబడి గుసగుస వినడం లాంటిది. దీనికి వాడిన ఉపాయం మీకు తెలిసిందే. ఎలక్ట్రోడ్ మీద వరుసగా నాలుగు కాంటాక్టులుంటాయి. మధ్యలో ఒకదాని నుంచి పల్స్ పంపి, దానికి అటూ ఇటూ ఉన్న రెండిటి నుంచి సిగ్నల్ తీసుకుంటారు. పల్స్ ఆ రెండిటికీ దాదాపు సమానంగా చేరుతుంది. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే చాలావరకు పోతుంది. మెదడు సొంత సిగ్నల్ రెండుచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి అది మిగులుతుంది. కామన్ మోడ్ రిజెక్షన్... మనం రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేసిందే!

ఆ తర్వాత బ్యాండ్‌పాస్ ఫిల్టర్, రెక్టిఫయర్, స్మూతింగ్, ఒక థ్రెషోల్డ్. బీటా గీత దాటితే పల్స్ ఆన్, తగ్గితే ఆఫ్. 2013లో బ్రిటన్ పరిశోధకులు ఎనిమిది మంది రోగుల మీద సరిగ్గా ఇదే పరీక్షించారు. ఎప్పుడు ఏ పద్ధతి వాడారో తెలియని నిపుణులు స్కోరు వేస్తే, ఎప్పుడూ ఆన్‌లో ఉండే డీబీఎస్ కంటే ఇది 27% మెరుగ్గా వచ్చింది. పల్స్ ఇచ్చిన సమయం 56% తగ్గింది. ఎనిమిది మందే కాబట్టి అది తొలి అడుగు మాత్రమే. తర్వాత పన్నెండేళ్లకి, 2025 ఫిబ్రవరిలో మెడ్‌ట్రానిక్ తయారుచేసిన అడాప్టివ్ డీబీఎస్‌ని ఎఫ్‌డీఏ అనుమతించింది.

పని అయిపోలేదు. వణుకుని బీటా సరిగ్గా పట్టుకోలేదు. దానికి వేరే కొలత కావాలి. నిద్రలో ఎలా నడపాలి, తక్కువ కరెంటుతో లెక్కలెలా చేయాలి, ఒక్కో రోగికి థ్రెషోల్డ్ ఎలా పెట్టాలి... ఇవన్నీ ఇంజినీర్ల కోసం ఎదురుచూస్తున్న ప్రశ్నలు.

ఉద్యోగాలున్నాయా?

నిజం చెప్పాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఉన్నన్ని లేవు. బీటెక్ కాగానే నేరుగా ‘బ్రెయిన్ ఇంజినీర్’ అవ్వరు. అలా చేసేస్తామని ఎవరైనా మూడు నెలల సర్టిఫికెట్ కోర్సు అమ్మితే డబ్బులు కట్టకండి. దారులు మాత్రం ఉన్నాయి.

- పైచదువు: గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ పేపర్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం ఉంది. ఐఐటీ మద్రాస్, వెల్లూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర కలిసి క్లినికల్ ఇంజినీరింగ్‌లో ఎంటెక్ నడుపుతున్నాయి. ఏ గేట్ పేపర్లు తీసుకుంటారో నోటిఫికేషన్‌లో చూసుకోండి.
- పరిశోధన: ఐఐటీ మద్రాస్‌లో ప్రొఫెసర్ వి.శ్రీనివాస చక్రవర్తి బృందం పార్కిన్సన్స్‌లో మెదడు తీరుని కంప్యూటర్ మోడళ్లతో అధ్యయనం చేస్తోంది. కోడింగ్, గణితం ఇష్టమైతే ఇది మీ దారి.
- పరిశ్రమ: మెడ్‌ట్రానిక్‌కి హైదరాబాద్‌లో పెద్ద ఆర్‌అండ్‌డీ కేంద్రం ఉంది. విశాఖలో మెడ్‌టెక్ జోన్ ఉంది. అక్కడ జరిగేదంతా మెదడు పరికరాల పనే కాదు. కానీ ఏ వైద్య పరికరమైనా ఎంబెడెడ్ సీ, సిగ్నల్ ప్రాసెసింగ్, టెస్టింగ్ తప్పవు. ఐఈసీ 62304, ఐఎస్‌ఓ 14971 ప్రమాణాల గురించి చదివి వెళ్లండి. ఇక్కడ కోడ్ రన్ అయితే చాలదు. అది ఎక్కడ ఫెయిలైతే రోగికి ఏమవుతుందో కూడా చెప్పగలగాలి.

ఈ ఆదివారం మొదలెట్టండి

నా ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బులిచ్చి కొనుక్కున్నది. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఇంటర్వ్యూలో దాని గురించి రెండో ప్రశ్నకే దొరికిపోయా. మీకా అవస్థ వద్దు.

ఫిజియోనెట్ అనే వెబ్‌సైట్‌లో డీబీఎస్ అమర్చుకున్న 16 మంది పార్కిన్సన్స్ రోగుల చూపుడువేలి వణుకు రికార్డింగులు ఉచితంగా దొరుకుతాయి. స్టిమ్యులేషన్ ఆన్‌లో ఒకటి, ఆఫ్‌లో ఒకటి తీసుకోండి. శాంప్లింగ్ రేటు 100 హెర్ట్జ్. పైథాన్‌లో ఎఫ్‌ఎఫ్‌టీ వేయండి. పార్కిన్సన్స్ వణుకు సాధారణంగా 4–6 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆఫ్‌లో అక్కడ శిఖరం కనిపిస్తోందా, ఆన్‌లో ఎంత తగ్గింది, ఎవరిలో తగ్గలేదు... చూడండి. అది రెజ్యూమెలో మీరు సమర్థించుకోగల ప్రాజెక్టు అవుతుంది. యూట్యూబ్ చూసి బ్యాటరీ, తీగలతో సొంత తల మీద ప్రయోగాలు మాత్రం అస్సలు చేయొద్దు.

నేను ఆ డేటాని మొదటిసారి ప్లాట్ చేసేటప్పటికి తాతయ్య లేరు. స్క్రీన్ మీద ఎగుడుదిగుడు గీత చూడగానే, ఒళ్లో కదులుతున్న ఆయన చెయ్యే గుర్తొచ్చింది. స్టిమ్యులేషన్ ఆన్‌లో ఉన్న ఫైలు తెరిచా. గీత దాదాపు సాపుగా ఉంది. దాన్ని చూస్తూ చాలాసేపు అలాగే కూర్చుండిపోయా.