పిల్లలు తగ్గినా పీరియడ్లు తగ్గవు

ఖరగ్‌పూర్‌కు తెలుగువారిని తెచ్చింది రైలు. 1887లో పుట్టిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఈ ఊరిని పెద్ద జంక్షనుగా, వర్క్‌షాపు పట్టణంగా పెంచింది. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తూర్పుకోస్తా లైను కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. దాంతో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి పని వెతుక్కుంటూ బయల్దేరిన వాళ్లకు ఖరగ్‌పూర్ దారి సులువైంది. నింపురా, మథురాకాటి క్వార్టర్లలో వాళ్ల సంసారాలు స్థిరపడ్డాయి. పిల్లల కోసం తెలుగు మీడియం బడులు వచ్చాయి.

భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారు సొంత బడులు పెట్టుకుని నడుపుకోవచ్చని రాజ్యాంగం 30వ అధికరణం చెబుతుంది. ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని 350ఎ అధికరణం రాష్ట్రాలను కోరుతుంది. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. అన్నీ అవసరమైనవే. అయితే సోమవారం మూడో పీరియడ్‌లో తొమ్మిదో తరగతికి లెక్కలు ఎవరు చెబుతారన్నది మాత్రం హెడ్మాస్టరు టైంటేబుల్ మీదే తేలాలి.

ఆ లెక్క ఎలా ఉంటుందో ఒక ఊహాబడితో చూద్దాం. అయిదు నుంచి పది వరకు ఆరు తరగతులు, ఒక్కో సెక్షను. శనివారం ఒంటిపూట నాలుగు పీరియడ్లు, మిగతా అయిదు రోజులూ ఏడేసి. అంటే తరగతికి వారానికి 39, బడి మొత్తానికి 234. టీచరుకు వారానికి 26 పీరియడ్లు వేస్తే తొమ్మిది మంది కావాలి.

ఇప్పుడు ఇంకో వైపు నుంచి లెక్కిద్దాం. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు విద్యాహక్కు చట్టం 35 మంది పిల్లలకు ఒక టీచరు అంటుంది. అదే కొలత బడంతటికీ వేస్తే, 210 మంది పిల్లలున్నప్పుడు ఆరుగురు టీచర్లు వస్తారు. పిల్లలు 120కి పడిపోతే నలుగురితో సరి. కానీ పీరియడ్లు 234 నుంచి ఒక్కటీ తగ్గవు. పదో తరగతిలో పదిహేను మందే మిగిలినా భౌతికశాస్త్రం చెప్పాల్సిందే, జీవశాస్త్రం చెప్పాల్సిందే. చిన్న భాషా బడుల చిక్కంతా ఇక్కడే ఉంది: పోస్టులు పిల్లల తలలు లెక్కపెట్టి వస్తాయి, పని మాత్రం తరగతులను బట్టి ఉంటుంది.

పైగా ఎవరో ఒకరు వస్తే చాలదు. బెంగాల్లో పదో తరగతి చివర రాసే మాధ్యమిక్ పరీక్షలో ఏడు పేపర్లు: ప్రథమ భాష, ద్వితీయ భాష, గణితం, భౌతిక విజ్ఞానం, జీవ విజ్ఞానం, చరిత్ర, భూగోళం. పశ్చిమ బెంగాల్ బోర్డు ప్రథమ భాషల జాబితాలో తెలుగు ఉంది. ఒక్కో సబ్జెక్టుకూ దాన్ని తెలుగులో చెప్పగలిగి, బెంగాల్ నియామక నిబంధనలకు సరిపోయే మనిషి దొరకాలి. దొరికిన ఒక్కరూ వెళ్లిపోతే ఆ సబ్జెక్టు ఖాళీయే. 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు బెంగాల్ బడులకు జరిగిన 2016 నాటి ఎంపికల్లోని 25,753 మంది టీచర్లు, సిబ్బంది నియామకాలను రద్దు చేసింది. అలాంటి దెబ్బ తగిలినప్పుడు ముగ్గురు లెక్కల టీచర్లున్న బడి ఎలాగో నెట్టుకొస్తుంది. ఒక్కరే ఉన్నచోట ఆ సబ్జెక్టే ఆగిపోతుంది.

క్యాలెండరుదీ ఇలాంటి పేచీయే. బెంగాల్లో బడి ఏడాది జనవరిలో మొదలవుతుంది, ఆంధ్రాలో జూన్‌లో. పలాసలో ఏప్రిల్‌కు ఏడో తరగతి ముగించుకుని వచ్చిన పిల్లవాడికి ఇక్కడ ఎనిమిదో తరగతి అప్పటికే నాలుగు నెలల పాఠాలు దాటిపోయి ఉంటుంది. ఆంధ్రా పాఠ్యపుస్తకాలు తెప్పించి చేతికిచ్చినా గట్టెక్కదు, పరీక్ష బెంగాల్ సిలబస్‌తో కదా.

మరి హెడ్మాస్టరు చేతిలో ఏముంది? కొంత ఉంది. ఆటలు, చిత్రలేఖనం లాంటి పీరియడ్లకు రెండు తరగతులను కలపొచ్చు. అలా వారానికి పది పీరియడ్లు మిగిలినా, ఒక టీచరు పనిలో మూడో వంతుకు పైగా కలిసొచ్చినట్టే. ఒక్కో టీచరునూ రెండో సబ్జెక్టుకు ముందే సిద్ధం చేసుకోవచ్చు. ఎవరైనా సెలవు పెట్టిన రోజున లీజర్ పీరియడ్లు ఎవరికున్నాయో చూసి ఎడాపెడా సర్దకుండా, నెలంతటికీ వంతులు వేయొచ్చు. అడ్మిషన్ల ప్రచారం జనవరిలో కాదు, నవంబరులోనే చుట్టుపక్కల ప్రాథమిక బడుల్లో, క్వార్టర్లలో మొదలుపెట్టొచ్చు. జూన్‌లో వచ్చే పిల్లలకు వంతెన తరగతులు అప్పటికప్పుడు కాక, ఏడాది ప్రణాళికలోనే చోటు చూపించి పెట్టొచ్చు.

యాజమాన్య కమిటీ సమావేశాల్లో సాధారణంగా వచ్చే మొదటి ప్రశ్న, ఈ ఏడు ఎంతమంది చేరారని. అడగాల్సిందే. దాని పక్కనే ఇంకోటి అడగాలి: గత నెలలో టీచరు లేకుండా పోయిన పీరియడ్లు ఎన్ని, అవి ఏ సబ్జెక్టువి? ఆ అంకె కమిటీ ముందుకు నెలనెలా వస్తే చందా దేనికి పోగుచేయాలో, అధికారులను ఏ పోస్టు కోసం అడగాలో తెలుస్తుంది. తల్లిదండ్రులు బడి మార్చాలని ఆలోచించేది కూడా ఎక్కువగా ఆ ఖాళీ పీరియడ్లను చూసే.