నీరు నిలచు నేలల విలువ: ఉత్తరదేశపు పీటు నేలలు, మన కొల్లేరు

పామర్రు నుండి గుడివాడ, మండవల్లి, కైకలూరు మీదుగా ఆకివీడు పోవు రోడ్డుకు ఎడమవైపున కొల్లేటి ప్రాంతము కలదు. "ఇంత భూమి నీటి పాలై పడియున్నదే, ఎండగట్టినచో ఎన్ని వేల ఎకరములు చేతికి వచ్చునో" అను తలంపు ఆ దారిని పోవు రైతునకు కలుగుట సహజము. ఇట్టి తలంపే స్కాట్లండు దేశపు ఉత్తర భాగమున కూడ కొందరికి కలిగినది. అచ్చట జరిగినది ముందు తెలిసికొనినచో మన కొల్లేటి సంగతి సులభముగ బోధపడును.

ఆ ప్రాంతము చల్లనిది. ఏడాది పొడుగున వానయో తుంపరయో పడుచునే యుండును. నీరు త్వరగా ఆవిరి కాదు. ఆ తడిలో స్ఫాగ్నము అను ఒక జాతి నాచు పెరుగును. నీరు నిండిన నేలలోనికి గాలి చొరదు గనుక చచ్చిన నాచు పూర్తిగా కుళ్ళదు. పొర మీద పొరగా పేరుకొని నల్లని మెత్తని పదార్థమగును. దీనినే పీటు అందురు. ఇది సుమారు ఏడాదికి ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగును. అనగా మొలలోతు పీటు ఏర్పడుటకు వేయి సంవత్సరములు పట్టునన్నమాట. గుట్టలను, పల్లములను గొంగడి కప్పినట్లు కప్పి యుండుటచే వీనికి కంబళి పీటు నేలలని పేరు వచ్చినది.

ప్రపంచములోని భూభాగములో అన్ని రకముల పీటు నేలలు కలిసి 3 శాతము మాత్రమే. కాని నేలలన్నిటిలో నిలువయున్న కర్బనములో సుమారు మూడవ వంతు వీనియందే కలదు. వీని నుండి కొంత మీథేను వాయువు వెలువడుట నిజమే; మన వరిమళ్ళ నుండియు వెలువడును. అయినను వేల యేండ్లుగా దాచిన కర్బనము ముందు అది స్వల్పము.

స్కాట్లండులోని ఫ్లో కంట్రీ అను ప్రాంతమున 1980 ప్రాంతములలో పన్ను రాయితీల కొరకు ఈ నేలలను లోతుగా దున్ని, కాలువలు తీసి, పరదేశపు కలప చెట్లు నాటిరి. నీరు దిగగనే పీటునకు గాలి తగిలి కుళ్ళ నారంభించినది, నేల క్రుంగినది. చెట్లు కూడ అనేకచోట్ల ఆశించినట్లు ఎదుగలేదు. 1988లో ఆ రాయితీలు తొలగించబడినవి. తరువాత చెట్లు నరికి, తీసిన కాలువలనే తిరిగి పూడ్చుచున్నారు! 2024లో యునెస్కో ఈ ప్రాంతమును ప్రపంచ వారసత్వ స్థలముగ గుర్తించినది.

మన వేడిమికి అట్టి పీటు నేలలు కొల్లేట ఏర్పడవు. ఇచ్చట అడుగున ఉన్నది ప్రధానముగ ఒండ్రు, బంకమన్ను. పైన కిక్కిస, తుంగ. కొల్లేటి విలువ వేరొకచోట నున్నది. బుడమేరు, తమ్మిలేరు మున్నగు వాగులును, డెల్టా మురుగు కాలువలనేకమును వచ్చి పడుట అందులోనికే. సముద్రమునకు పోవు దారి మాత్రము ఉప్పుటేరు ఒక్కటే. వచ్చు దారులు పెక్కు, పోవు దారి ఒకటి అయినపుడు నడుమ నీరు విశ్రమించుటకు చోటు కావలయును. ఆ చోటే కొల్లేరు. దానిని గట్లతో ఇరుకు చేసినచో నీరు వెనుకకు ఎగదన్ని ఎగువ చేలలో నిలచును. నాట్లు వేసిన పదిరోజుల చేను మునిగిన రైతుకు దీని అర్థము వేరుగ చెప్పనక్కరలేదు.

వేసవిలో చెరువు నీరు తగ్గినపుడు మరియొక చిక్కు కలదు. ఉప్పుటేటి గుండా సముద్రపు పోటు నీరు పైకి ఎగబ్రాకి ఉప్పదనము లోనికి తెచ్చును. కొల్లేట మంచినీరు తగినంత నిలచియున్ననే ఆ ఉప్పు వెనుకకు నెట్టబడును.

1970ల తరువాత చెరువు గర్భమున చేపల చెరువులు విస్తారముగ వెలసినవి. 1999లో ప్రభుత్వము ఐదవ కాంటూరు వరకు, సుమారు 308 చదరపు కిలోమీటర్లను, అభయారణ్యముగ ప్రకటించినది. 2002లో రాంసార్ ఒడంబడిక క్రింద అంతర్జాతీయ ప్రాముఖ్యము గల చిత్తడి నేలల పట్టికలో కొల్లేరు చేరినది. 2006లో చేపల చెరువుల గట్లు పెద్ద ఎత్తున తెగగొట్టబడినవి. పిమ్మట పలుచోట్ల మరల లేచినవి. వానిపై బ్రతుకు కుటుంబములు వేలకొలది యున్నందున ఇది కేవలము చట్టముతో తెగు తగవు కాదు. ఆటపాక వద్ద గూడబాతులను చూడవచ్చువారికి ఈ కష్టము కనబడదు.

2024 సెప్టెంబరు మొదట బుడమేరు పొంగి విజయవాడలోని పేటలు మునిగినవి. అందుకు ముఖ్య కారణము ఎగువన గండ్లు పడుట. కాని ఆ నీరు చివరకు దిగినది కొల్లేటి వైపునకే.

మురుగు కాలువ ప్రక్క పొలము గల రైతులు చేయదగిన పని యొకటి కలదు. తొలకరికి ముందే గుర్రపుడెక్కను పూత పూయక మునుపు తీసి, గట్టున వారము రోజులు వాడనిచ్చి, పేడతో పొరలు పొరలుగ కుప్ప వేయవలెను. నీటిలోనికి తిరిగి త్రోయరాదు. చిన్న ముక్క మిగిలినను మరల అల్లుకొనును. కాలువ గట్టును చేనిలో కలుపుకొనుట కూడ మానవలెను.