వాక్యం ఇంటికొచ్చింది, బల్ల రాలేదు

2020 మార్చి 22, జనతా కర్ఫ్యూ రోజు, ఆదివారం. శ్రమల కాలంలో నాలుగో ఆదివారం కూడా. ఆనాటి నుంచి జూన్ 8 దాకా దేశంలో చాలాచోట్ల చర్చిలు ఆరాధనకు తెరుచుకోలేదు. లెక్కపెడితే 12 ఆదివారాలు. మట్టల ఆదివారం, ఏప్రిల్ 12న ఈస్టర్, మే 31న పెంతెకొస్తు అన్నీ ఆ మధ్యలోనే వచ్చి వెళ్లిపోయాయి. అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లా ఆంధ్రప్రదేశ్‌లో కోవిడ్ కేసులు ఎక్కువగా ఉన్న జిల్లాల్లో ఒకటి. ఆ జిల్లాలోనే నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లిరావడం మామూలు రోజుల్లో ఒక పూట పని. ఆ రోజుల్లో అదీ కుదరలేదు.

ఈ ప్రాంతపు పల్లెల్లో సేవ చేసే దంపతులకు ఆదివారమే అన్నిటికంటే పని ఎక్కువున్న రోజు. పొద్దున ఒక ఊళ్లో ఆరాధన, మధ్యాహ్నం ఇంకో ఊళ్లో, చీకటి పడ్డాక ఎవరింట్లోనో ప్రార్థన. పాస్టరమ్మకు సండే స్కూలు, స్త్రీల కూడిక, రోగుల పరామర్శ. అదంతా ఒక్కసారిగా ఒక గదికి, ఒక ఫోన్‌కు కుదించుకుపోయింది. ఆయన వాక్యం చెబుతుంటే ఆమె ఫోన్ కదలకుండా పట్టుకునేది. ఇలాంటి ఇళ్లు ఆ వేసవిలో రాయలసీమ అంతటా ఉన్నాయి.

ఫోన్ ఆరాధనలో ఏది అవతలికి దాటింది, ఏది దాటలేదు? ప్రసంగం దాటింది, అదీ అడ్డంకులతోనే. సెల్‌ఫోన్ నుంచి నేరుగా యూట్యూబ్ లైవ్ ఇవ్వాలంటే అప్పట్లో ఛానెల్‌కు 1,000 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలి. చిన్న సంఘాలకు అంతమంది ఎక్కడి నుంచి వస్తారు? జూమ్‌లో ఉచితంగా కూడుకుంటే 40 నిమిషాలకు తెగిపోయేది. వాట్సాప్‌లో పంపే వీడియో అప్పట్లో 16 ఎంబీ దాటకూడదు. అందుకే చాలామంది ప్రసంగాన్ని ముక్కలు చేసో, గొంతు మాత్రమే రికార్డు చేసో పంపారు. మామూలు ఫోన్ ఉన్న ముసలివాళ్లకు కాన్ఫరెన్స్ కాలే దిక్కు.

పాట మాత్రం దాటలేదు. పదిమంది ఒక్క తాళానికి పాడాలంటే ఒకరి గొంతు ఇంకొకరికి సెకనులో ముప్ఫయ్యో వంతు లోపే చేరాలి. ఇంటర్నెట్‌లో అంతకు ఎన్నో రెట్లు ఆలస్యం అవుతుంది. పైగా జూమ్ ఎవరి గొంతు గట్టిగా ఉంటే దాన్ని ముందుకు తెచ్చి మిగతావాటిని అణిచేస్తుంది. కాబట్టి ఒకరు పాడితే అందరూ మ్యూట్‌లో పెదవులు కదపడమే. తబలా, తాళాలు, చప్పట్లతో సంఘమంతా అందుకునే తెలుగు క్రైస్తవ కీర్తనకు ఇది పెద్ద దెబ్బ. పల్లె సంఘంలో చదువురాని అమ్మకు బైబిలు చేరేది చాలావరకు ఆ పాటల్లోనే.

ఇక ప్రభు బల్ల సంగతి. ఎవరింట్లో వాళ్లు రొట్టె, ద్రాక్షరసం పెట్టుకుని తెర ముందు కూర్చుంటే అది సంస్కారమవుతుందా అని ప్రపంచమంతా వాదన నడిచింది. కొన్ని సంఘాలు అవుతుందన్నాయి. కేథలిక్కులు మనసులో స్వీకరించే ఆధ్యాత్మిక సంస్కారంతో సరిపెట్టుకున్నారు. నంద్యాలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. 1850లలో ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడు కేంద్రంగా ఎస్.పి.జి. అనే ఆంగ్లికన్ మిషన్ పని మొదలైనప్పటి నుంచి, ఆంగ్లికన్ పద్ధతి ప్రకారం పల్లెల్లో రోజూ ప్రార్థన నడిపేది ఉపదేశి. బల్ల ఇవ్వాలంటే అభిషేకం పొందిన గురువే రావాలి. గురువులు కొద్దిమంది, ఊళ్లు ఎన్నో. అయ్యగారు వచ్చేదాకా బల్ల ఆగేది. వాక్యం మాత్రం ఆగేది కాదు.

ఆ పట్టింపు ఎంత లోతైనదో 1947లో తెలిసింది. ఆ ఏడాది సెప్టెంబరు 27న మద్రాసులో వేర్వేరు శాఖలు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడితే, నంద్యాల ప్రాంతపు ఎస్.పి.జి. సంఘాలు చాలావరకు అందులో చేరలేదు. బిషప్పు చేతి అభిషేకం లేని గురువుల సేవను ఒప్పుకోవచ్చా అన్నది ఆనాటి అభ్యంతరాల్లో ముఖ్యమైనది. దశాబ్దాల తర్వాతే కలిశారు. ఏ చేతి నుంచి బల్ల తీసుకోవాలన్న దాని మీద ఇంతగా నిలబడ్డ ప్రాంతమిది. అందుకే 2020లో జరిగిన దాన్ని నేను సగం ఆరాధన అని తీసిపారేయను. ఇక్కడి తాతముత్తాతలు ఎరిగిన ఆరాధనే అది: వాక్యం ఇంటికి వస్తుంది, బల్ల కోసం కాచుకుంటారు. బల్లను తొందరపడి తెర మీదికి తేకుండా ఆగిన సంఘాలు మంచి పని చేశాయని నా నమ్మకం.

కానుకల కథ వేరు. గుడి తలుపు మూస్తే కానుక సంచి కూడా మూసుకుంటుంది. పట్నం సంఘాలకు ఫోన్‌పే ఉంది. ఇంటింటా తీసిపెట్టిన పిడికెడు బియ్యం మీద బతికే పల్లె పాస్టరుకు ఏముంది? రాష్ట్ర ప్రభుత్వం ఆ మే నెలలో అర్చకులకు, ఇమామ్‌లకు, పాస్టర్లకు తలా రూ. 5,000 ఒక్కసారి సాయంగా ఇచ్చింది. అది ఎన్నాళ్లు వస్తుందో సంసారం చేసేవాళ్లందరికీ తెలుసు. అయినా చాలామంది పాస్టరమ్మలు వారమంతా ఫోన్లు చేస్తూనే ఉన్నారు. "జ్వరం తగ్గిందా అమ్మా? బియ్యం ఉన్నాయా?" ఆదివారం ప్రసారం కంటే సంఘాన్ని నిలబెట్టింది ఈ కాల్సేనని నేననుకుంటాను. ఎక్కడా రికార్డు కాలేదు గనుక వాటి సంగతి ఎవరూ రాయరు.

జూన్ 8న తలుపులు తెరిచినా కేంద్ర ఆరోగ్య శాఖ నిబంధనలు వెంటే ఉన్నాయి. ఆరడుగుల దూరం ఉండాలి, బృంద గానం కూడదు, రికార్డు చేసిన సంగీతం వేసుకోవచ్చు. 65 ఏళ్లు దాటినవాళ్లు, పదేళ్ల లోపు పిల్లలు ఇంట్లోనే ఉండాలని సలహా. కంటైన్‌మెంట్ జోన్లలో అసలు తెరవనే లేదు. అంటే పాటలు నోటికొచ్చిన అవ్వలు, సండే స్కూలు పిల్లలు ఆ తర్వాత కూడా ఫోన్ దగ్గరే మిగిలారు. పాస్టరు గుడికి వెళ్లాడు, పాస్టరమ్మ మాత్రం ఇంకా చాలాకాలం ఆ కాల్స్ చేస్తూనే ఉంది.