పడమటి ఇల్లు – వేసవి జాగ్రత్తలు

వేసవిలో వడదెబ్బతో వచ్చినవారిని "ఎండలో తిరిగారా?" అనే కాదు, "ఇంట్లో ఎక్కడ పడుకుంటారు?" అని కూడా మేము అడుగుతాము. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లిలలో పడమటి ముఖం ఇళ్ల గోడలు, స్లాబు మధ్యాహ్నమంతా తాగిన వేడిని రాత్రి లోపలికి వదులుతాయి. వృద్ధులకు, పసిబిడ్డలకు అదే ప్రమాదం. 2015 మే వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో 1,500 మందికి పైగా చనిపోయారు.

ఎండ గోడను తాకకముందే ఆపాలి. పడమట తాటాకు పందిరి వేయండి. కిటికీలకు బయటివైపు తడకలు కట్టండి. స్లాబుకు తెల్లసున్నం పూయండి. పగలు కిటికీలు మూసి, చల్లబడ్డాక తెరవండి. వృద్ధుల మంచం పడమటి గోడకు దూరంగా వేయండి.

ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వెంటనే 108కు ఫోన్ చేసి, ఒంటిని తడుపుతూ విసరండి. స్పృహ తప్పినవారి నోట్లో నీళ్లు పోయకండి.

ప్రభువు మీ గృహములను కాపాడును గాక.