పాత వీడియోగేములు చేతిలో నిలుస్తాయా?

వామనగుంటల ఆటను ఒకసారి తలచుకొనండి. కొయ్యపీటమీద ఆడినా, అరుగుమీద సుద్దతో గుండ్రాలు గీసుకొని ఆడినా, చింతగింజలు పోసినా, గవ్వలు పోసినా అది వామనగుంటలే. తమిళనాట దానిని పల్లాంగుళి అంటారు. కన్నడసీమలో అళగుళి మణె అంటారు. పంపకంలోను లెక్కలోను చిన్నచిన్న తేడాలు ఉండవచ్చును గాని, ఒకచోట నేర్చినవారు రెండవచోట కొద్దిసేపటిలోనే కలిసిపోగలరు. పీట మారినా ఆట చెడలేదు.

తెరమీద ఆడే ఆటల సంగతి కూడా ఇట్లాగే ఉంటుందా అన్నది నేడు చాలా ఇళ్లలో వినవస్తున్న ప్రశ్న. 1990ల దశకంలో టీవీకి తగిలించుకొని వీడియోగేములు ఆడిన పిల్లలు ఇప్పుడు తల్లిదండ్రులైనారు. వారు ఆడిన ఆటలే అరచేతి యంత్రాలలోనికి మళ్లీ వచ్చినవి. "ఆట అంటే ఇదిరా!" అని తండ్రి ముచ్చటపడి తెచ్చి ఇస్తాడు. కొడుకు పావుగంట ఆడి, "ఇందులో ఏమున్నది నాన్నా?" అని ప్రక్కన పెడతాడు. పోయిన డబ్బుకంటె, తన చిన్నతనాన్ని కొడుకు ఇట్టే త్రోసివేసినాడే అన్న బాధ ఆ తండ్రికి ఎక్కువ.

ఈ తగవులో ఎవరి పక్షమూ వహించకుండా కొన్ని ఆటలను విచారించి చూతము. మా అభిప్రాయం ముందుగానే మనవి చేస్తాము. పాత ఆట నిలిచేదీ నిలవనిదీ దాని వయస్సునుబట్టి తేలదు. అది ఏ తెరకు కట్టిన ఆట, ఎంత తీరికకు కట్టిన ఆట, ఎవరితో కలిసి ఆడడానికి కట్టిన ఆట అన్న మూడు సంగతులనుబట్టి తేలుతుంది.

చిన్నతెర పుట్టిన విధం

జపానుదేశంలో క్యోటో నగరంలో 1889లో పేకముక్కలు తయారుచేసే వ్యాపారంగా మొదలైన సంస్థ నింటెండో. ఆ ముక్కలు తయారయ్యే యంత్రాలను బాగుచేసే పనికి 1965లో చేరిన ఉద్యోగి గుంపే యోకోయ్. రైలులో ఒక ప్రయాణికుడు ఏమీ తోచక లెక్కలయంత్రం మీటలు నొక్కుకొంటూ కూర్చొనడం చూచి, జేబులో పెట్టుకొనే ఆట ఒకటి ఉంటే బాగుండునని ఆయనకు తట్టినదని చెబుతారు. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్ ఆ ఆలోచనకు ఫలం.

తరువాత 1989 ఏప్రిల్‌లో ఆయన బృందమే గేమ్ బాయ్‌ను తెచ్చినది. దాని తెర అడ్డంగా 160 చుక్కలు, నిలువుగా 144 చుక్కలు. రంగులు లేవు, ఆకుపచ్చ కలిసిన బూడిదవన్నెలో నాలుగు ఛాయలు మాత్రమే. వెనుక దీపం కూడా లేదు కనుక వెలుతురు ఉన్నచోట కూర్చొని ఆడవలసినదే. అదే సంవత్సరం అటారీవారి లింక్స్, మరుసటి సంవత్సరం సెగావారి గేమ్ గేర్ రంగుల తెరలతో వచ్చినవి. వాటిముందు గేమ్ బాయ్ వెలవెలబోవలసినదే. కాని ఆ రెండూ ఆరేసి బ్యాటరీలను నాలుగైదు గంటలలో త్రాగివేసేవి. గేమ్ బాయ్ నాలుగు బ్యాటరీలతో పది గంటలు దాటి ఆడేది. బాగా వాడుకలో నలిగి చౌకబడిన సామగ్రిని తీసుకొని దానితో కొత్తపని చేయించడం యోకోయ్ పద్ధతి. గేమ్ బాయ్, తరువాత వచ్చిన దాని రంగుల తమ్ముడు కలిసి ప్రపంచంలో 11 కోట్లకు పైగా అమ్ముడైనవి.

చిన్నతెరకు ఏది తగునో, ఏది తగదో మొదటినుంచీ ఆలోచించి ఆటలు కట్టినవారు ఉన్నారని చెప్పడానికే ఈ కథ ఇంత చెప్పినాము.

ఏమాత్రం చెడని ఆట

1984లో మాస్కోలో సోవియట్ విజ్ఞాన అకాడమీ వారి కంప్యూటరు కేంద్రంలో పనిచేస్తూ ఉండిన అలెక్సీ పజిత్నోవ్ టెట్రిస్ అనే ఆటను కట్టినాడు. ఆయన ముందున్న ఎలెక్ట్రానికా 60 యంత్రానికి బొమ్మలు గీసే శక్తి లేదు. అందుచేత ఆయన అక్షరాల మధ్య వాడే కుండలీకరణ గుర్తులనే ఇటుకలుగా పేర్చినాడు. ఏడు రకాల ముక్కలు. ఒక్కొక్క ముక్కకు నాలుగేసి గళ్లు. పైనుంచి పడుతున్న ముక్కను త్రిప్పి సందులో అమర్చాలి. వరుస నిండితే మాయమవుతుంది. ఇంతకుమించి చెప్పవలసిన నియమం లేదు.

ఈ ఆట గేమ్ బాయ్‌లో ఎందుకు అంత చక్కగా ఒదిగినదో చూడండి. ఆ తెరమీద బొమ్మ వేగంగా ప్రక్కకు జరిగితే మసకబారిపోయేది. టెట్రిస్‌లో వెనుకనున్న దృశ్యం కదలదు. ఒక్క ముక్క మాత్రమే దిగుతుంది. నాలుగు ఛాయలు ఇటుకలకు సరిపోయినవి. ఒక ఆటకు పట్టే సమయం బస్సుకోసం ఎదురుచూచే సమయమంత. అమెరికాలో యంత్రంతోపాటే ఈ ఆటను కలిపి అమ్మినారు. 1990లలో మన ఎగ్జిబిషన్లలోను తిరునాళ్లలోను అమ్మిన "బ్రిక్ గేమ్" కూడా దీని నకలే. దానికి 10 గళ్ల వెడల్పు, 20 గళ్ల ఎత్తు. చాలా ఇళ్లలో అమ్మమ్మలు సైతం దానిని వదలలేదు.

కుండలీకరణ గుర్తులతో పుట్టిన ఆట రంగుల తెరలలో కూడా అదే రుచితో ఉన్నది. వామనగుంటలకు పట్టిన అదృష్టమే దీనికీ పట్టినది.

1980లో నామ్కో సంస్థలో తోరు ఇవతాని కట్టిన ప్యాక్‌మ్యాన్‌ను కూడా ఈ పంక్తిలోనే కూర్చోబెట్టవచ్చును. అది నిలువుతెర ఆట; నేటి అడ్డతెర యంత్రంలో మధ్యభాగంలో మాత్రమే కనబడి, ఇరుప్రక్కలా ఖాళీ మిగులుతుంది. ఐనా చిట్టడవి మొత్తం ఒక్కచూపులో కనబడుతుంది. నాలుగు దయ్యాలకు నాలుగు స్వభావాలు: ఎఱ్ఱది సూటిగా వెంటబడుతుంది, గులాబీరంగుది మనకు ముందు వెళ్లి కాచుకోజూస్తుంది. ఈ సంగతి తెలిసిన పిల్లవాడు ఆటను అంత త్వరగా ప్రక్కన పెట్టడు.

కుదించినందువల్ల చెడినవి

ఇక రెండవ రకం. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ టీవీకోసం కట్టిన ఆట. అడ్డంగా 256, నిలువుగా 240 చుక్కల చిత్రం అది. 1999లో దానిని గేమ్ బాయ్ కలర్‌కు తెచ్చినప్పుడు ఆ చిత్రంలో ఎనిమిది పాళ్లలో మూడు పాళ్లు మాత్రమే తెరలో పట్టినది. దూకబోయే చోట ఏమున్నదో కనబడక దూకవలసి వచ్చేది. దూకుడే ప్రాణమైన ఆటకు ఇది పెద్ద లోపం. ఆట పాతబడలేదు; కిటికీ చిన్నదైనది. నేటి యంత్రాలలో పూర్తిచిత్రం పట్టుతుంది కనుక మారియో మళ్లీ హాయిగా పరుగెత్తుతున్నాడు. ఆ తరంలో ఇంకను చిన్నపిల్లలకు మొదట ఇవ్వదగిన ఆట అదేనని మా నమ్మకం.

గోల్డెన్‌ఐ 007 సంగతి వేరు. 1997లో నింటెండో 64 యంత్రానికి వచ్చిన ఈ తుపాకుల ఆట, నలుగురు స్నేహితులు ఒకే టీవీముందు కూర్చొని, తెరను నాలుగు భాగాలు చేసుకొని ఆడడంవల్ల పేరు తెచ్చుకొన్నది. 2023 జనవరిలో అది స్విచ్ యంత్రానికి వచ్చినది. 2017లో వచ్చిన మొదటి స్విచ్ తెర మూలనుంచి మూలకు 6.2 అంగుళాలు. దానిని నలుగురు పంచుకొంటే ఒక్కొక్కరికి దక్కేది తపాలాబిళ్లకు పెద్దన్న అనదగినంత. పైగా ఆనాటి మీటల అమరిక నేటివారి వ్రేళ్లకు లొంగదు. అదే యంత్రాన్ని టీవీకి తగిలించి నలుగురూ ప్రక్కప్రక్కన కూర్చొంటే కొంత ప్రాణం లేచి వస్తుంది. చేతిలో మాత్రం నిలవదని చెప్పక తప్పదు.

మూడవ రకం నాణెం మింగే ఆటలు. దుకాణాలలో నాణెం వేసి ఆడే యంత్రాలకు, ఆడేవాడు త్వరగా ఓడిపోతేనే గిట్టుబాటు. 1985లో కాప్‌కామ్ వారు తెచ్చిన గోస్ట్స్ అండ్ గాబ్లిన్స్‌లో వీరుడు రెండు దెబ్బలకు మరణిస్తాడు. చివరిదాకా గెలిచినవాడిని కూడా మళ్లీ మొదటినుంచి ఆడితేనే అసలు ముగింపు చూపుతామంటుంది. నాణెమే లేని ఇంటిలో ఈ కాఠిన్యానికి అర్థమేమున్నది? నేటి యంత్రాలలో ఆటను కొంచెం వెనుకకు త్రిప్పుకొనే సదుపాయం ఉన్నది. దానితో ఓర్పు మిగులుతుంది గాని, ఓడినప్పటి ఉత్కంఠ సగం పోతుంది.

పొడవైన కథలు, ఇద్దరి ఆటలు

ఆశ్చర్యమేమంటే, టీవీముందుకంటె చేతిలోనే బాగున్న పాత ఆటలు కొన్ని ఉన్నవి. 1995లో వచ్చిన క్రోనో ట్రిగ్గర్ నవలవంటి ఆట. దానిని 2008లో నింటెండో డీఎస్ అనే చేతియంత్రానికి తెచ్చినారు. ఇంటిలో టీవీని గంటలకొలది ఆక్రమించుకొనవలసిన కథను, రాత్రి పడుకొనేముందు ఒక ప్రకరణం చొప్పున చదువుకొన్నట్లు ఆడవచ్చును. మూతవేస్తే ఆట నిద్రపోతుంది. తెరిస్తే వదిలినచోటనే లేస్తుంది. 1993 నాటి జెల్డా ఆట లింక్స్ అవేకెనింగ్ గేమ్ బాయ్‌కోసమే పుట్టినది. దానిలోని ద్వీపాన్ని ఒక్కొక్క తెరకు సరిపడే తునకలుగా విభజించినారు. 2019లో కొత్త బొమ్మలతో మళ్లీ తెచ్చినప్పుడు ఆ ద్వీపం రూపురేఖలను చాలావరకు అట్లాగే ఉంచినారు. ఇల్లు గట్టిది కనుక సున్నం వేస్తే చాలినది.

1996 ఫిబ్రవరిలో జపానులో వచ్చిన పోకెమాన్‌ను చిన్నప్పుడు పురుగులు పట్టి పోగుచేసుకొన్న సతోషి తజిరి కట్టినాడు. దానిని ఎఱుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా అమ్మినారు. ఒకదానిలో దొరికే కొన్ని ప్రాణులు రెండవదానిలో దొరకవు. రెండు యంత్రాలను తీగతో కలిపి మార్చుకొనవలసినదే. అనగా సగం ఆట ఎదుటి పిల్లవాడి చేతిలో ఉన్నది. ఈనాడు ఒంటరిగా ఆడేవానికి అది సగమే దొరుకుతుంది. కొడుకుకు పాత ఆట ఇచ్చి తాను వార్తలు చూచుకొనే తండ్రి ఈ సంగతి గమనించాలి.

నిలువదగినవి కూడా పోతున్నవి

ఇంతవరకు చెప్పినది ఆటల యోగ్యత. యోగ్యమైనవన్నీ దొరుకుతున్నవా అంటే లేదు. పాత పోకెమాన్ కార్ట్రిడ్జిలో చిన్న బిళ్ల బ్యాటరీ ఒకటి ఉంటుంది. ఆటలో మనం చేరుకొన్న స్థానాన్ని జ్ఞాపకం ఉంచేది అదే. అది అడుగంటితే చిన్నతనంలో పోగుచేసిన ప్రాణులన్నీ మాయం. 2023 మార్చి 27న నింటెండోవారు తమ 3డీఎస్, వీ యూ యంత్రాల ఇంటర్నెట్ దుకాణాలలో అమ్మకాలు ఆపివేసినారు. అక్కడ మాత్రమే దొరికే ఆటలకు ఆనాటితో తలుపు పడినది. అదే సంవత్సరం అమెరికాలోని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ వారు ప్రకటించిన పరిశీలన ప్రకారం, 2010కి పూర్వం ఆ దేశంలో విడుదలైన ఆటలలో 87 శాతం నేడు న్యాయమార్గాన కొనడానికి దొరకవు.

వామనగుంటలకు ఈ భయం లేదు. నియమం తెలిసినవారు ఒకరున్నా చాలును, నేలమీద గీసుకొనవచ్చును. వీడియోగేముకు యంత్రం కావాలి, హక్కుదారు అనుమతి కావాలి. పాత కార్ట్రిడ్జీలను ఆడించే కొత్త యంత్రాలు కొన్ని వచ్చినవి. 2021 చివర వచ్చిన అనలాగ్ పాకెట్ తెర అడ్డంగా 1600, నిలువుగా 1440 చుక్కలు, అనగా గేమ్ బాయ్ తెరకు సరిగా పదిరెట్లు. ఆనాటి ఒక చుక్క ఏమాత్రం వంకర లేకుండా నేడు నూరు చుక్కల చదరమవుతుంది. శ్రద్ధ అంటే ఇది. వేల ఆటలున్నవని చెప్పి బజారులో చౌకగా అమ్మే యంత్రాలలోని ఆటలు మాత్రం చాలావరకు అనుమతి లేనివి.

కొనదలచినవారికి

క్రొత్తగా ఏమీ కొనకముందే ఇంటి అటకమీద, పాత పెట్టెలలో వెదకండి. బ్యాటరీలు లోపలనే ఉండిపోయి చీమిడివలె కారి ఉంటే తీసివేసి శుభ్రం చేయండి. కొనేటప్పుడు ఆటపేరు ఒక్కటే చూడక, అది మొదట ఏ యంత్రానికి వచ్చినదో అడగండి. పెద్దవారికోసమైతే అక్షరాల సైజు చూడండి. టీవీకోసం వ్రాసిన అక్షరాలు చేతితెరలో చదవడానికి కళ్లజోడు చాలదు. పిల్లలచేత ఆడించదలచితే మొదట టెట్రిస్, పిదప ప్యాక్‌మ్యాన్, ఆ తరువాత మారియో. మొదటి రోజు ప్రక్కన కూర్చొని మీరు కూడా ఒక వంతు ఆడండి. పిల్లవాడు అప్పటికీ ప్రక్కన పెడితే అలుగవద్దు. మన తాతలు మెచ్చిన ఆటలన్నీ మనం మెచ్చినామా?

మీ ఇంట ఏ ఆట నిలిచినదో, ఏది నిలువలేదో రెండు ముక్కలు వ్రాసి పంపిన పక్షమున రాబోయే సంచికలో సంతోషంతో ప్రకటించగలము.